సందేహం నుంచి సత్యానికి: ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితం

ఇస్లామీయ చరిత్రలో గొప్ప పండితులకు కొదువ లేదు. అయితే తాను నమ్ముతున్నదంతా తల్లిదండ్రులు, గురువులు చెప్పారు కాబట్టి నమ్ముతున్నానా, లేక అది నిజమని తెలుసుకుని నమ్ముతున్నానా అని తనను తాను నిలదీసుకున్న పండితులు మాత్రం తక్కువ. అలా నిలదీసుకుని, జవాబు కోసం ఉన్న పదవినీ, వచ్చిన పేరునూ వదులుకున్నవారు మరీ తక్కువ. అటువంటి వారిలో అగ్రగణ్యులు హుజ్జతుల్ ఇస్లాం ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి).

ఆయన పేరు మన ఇళ్ళకు కొత్త కాదు. పెద్దవాళ్ళ అలమరాలు వెతికితే కీమియాయె సఆదత్ ఉర్దూ అనువాదమో, ఇహ్యా ఉల్ ఉలూమ్‌లో ఒక సంపుటమో దొరుకుతుంది. అల్లామా షిబ్లీ నుమానీ ఉర్దూలో రాసిన అల్ గజాలీ అనే ప్రసిద్ధ జీవిత చరిత్ర వెలువడింది 1902లో. అప్పుడు షిబ్లీ గారు హైదరాబాదులో నిజాం సర్కారు ఉద్యోగంలో ఉన్నారు. ఆ రకంగా ఇమామ్ గారి కథకు దక్కన్‌తో కూడా కొంత బంధుత్వం ఉంది. అయినా ఇహ్యా చదివే వారిలో, ఆ గ్రంథం రాయడానికి ముందు ఆ మనిషి లోలోపల ఎంత నలిగిపోయారో తెలిసినవారు కొద్దిమందే. ఆ సంగతి ఆయనే దాచకుండా రాసుకున్నారు. ఆ చిన్న పుస్తకం పేరు అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్. మార్గభ్రష్టత నుంచి గట్టెక్కించేది అని దానర్థం. యాభై ఏళ్ళు దాటాక, ఎవరి మెప్పూ అక్కరలేని వయసులో రాసిన పుస్తకమది.

ఆయన హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. నేటి ఇరాన్‌లో మష్హద్ నగరానికి దగ్గరలో ఉందా ఊరు. షాహ్‌నామా రాసిన ఫిర్దౌసీది కూడా ఆ ఊరే. తండ్రి ఉన్ని వడికి అమ్ముకుని బతికే సామాన్యుడు. అరబీలో వడికేవాణ్ణి గజ్జాల్ అంటారు. గజాలీ అనే పేరు అందులోంచే వచ్చిందని చాలామంది చరిత్రకారులు చెబుతారు. పెద్దగా చదువుకోని ఆ తండ్రికి పండితుల సభలంటే ప్రాణం. ఒక మూల కూర్చుని విని, తన బిడ్డలు కూడా ఇలా కావాలని అల్లాహ్‌ను వేడుకునేవారట. కాని ఆ రోజు చూడకుండానే కన్నుమూశారు. చనిపోయే ముందు ముహమ్మద్, అహ్మద్ అనే తన ఇద్దరు పిల్లలనూ, తన దగ్గరున్న కాస్త సొమ్మునూ ఒక సూఫీ మిత్రుడి చేతిలో పెట్టి, ఈ డబ్బంతా వీళ్ళ చదువుకే ఖర్చు పెట్టమని కోరారు.

ఆ మిత్రుడు మాట నిలబెట్టుకున్నాడు. కాని డబ్బు అయిపోయింది. తానూ పేదవాడే. చివరికి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, మదర్సాలో చేరితే చదువుతో పాటు తిండి కూడా దొరుకుతుంది, నాకు తోచిన దారి ఇదొక్కటే అని చెప్పాడు. అలా తిండి కోసం మదర్సా గడప తొక్కిన పిల్లవాడే తర్వాత హుజ్జతుల్ ఇస్లాం అయ్యారు. తాము చదువుకు వెళ్ళింది అల్లాహ్ కోసం కాదనీ, అయితే చదువు మాత్రం అల్లాహ్ కోసం తప్ప మరి దేనికీ లొంగలేదనీ ఇమామ్ గారు పెద్దయ్యాక చెప్పుకునేవారట. మదర్సాలో పిల్లలను చేర్చుకునే చోట రోజూ కూర్చునే నా వంటివాడికి ఈ ముక్క ఎంత నిజమో తెలుసు. ఏ పిల్లవాడు ఎందుకు వచ్చాడన్నది లెక్క కాదు.

తూస్‌లో ప్రాథమిక విద్య ముగించి, కుర్రవాడు కాస్పియన్ సముద్రం వైపునున్న జుర్జాన్‌కు వెళ్ళాడు. అక్కడ గురువు చెప్పిన పాఠాలన్నీ శ్రద్ధగా కాగితాల మీద రాసుకున్నాడు. తిరిగి వస్తుండగా దారిదోపిడీ దొంగలు ఆ బిడారు మీద పడి ఉన్నదంతా దోచుకున్నారు. కాగితాల మూట కూడా పోయింది. కుర్రవాడు దొంగల వెంటపడి, నా మూట నాకిచ్చేయండి, అందులో మీకు పనికొచ్చేదేమీ లేదు, నా చదువంతా అందులోనే ఉంది అని బతిమాలాడు. దొంగల నాయకుడు పకపకా నవ్వి, నీ చదువు మేము ఎత్తుకుపోగలిగినదైతే ఇక నువ్వు చదివిందేమిటని అడిగి, మూట విసిరేశాడు. ఆ మాట అల్లాహ్ ఆ దొంగ నోట పలికించాడని గజాలీ భావించారు. ఇంటికి వచ్చి మూడేళ్ళపాటు కూర్చుని, మూటలోని ప్రతి అక్షరాన్నీ కంఠస్థం చేశారు.

చాలామంది ఈ కథ ఇక్కడితో ఆపి, పిల్లలూ, పాఠాలు కంఠస్థం చేయండి అని చెబుతారు. నాకు మాత్రం ఇది సగం కథ అనిపిస్తుంది. కాగితం మీదున్న చదువును దొంగ ఎత్తుకుపోతాడు. కంఠంలో ఉన్న చదువును దొంగ తీసుకుపోలేడు, నిజమే. కాని కంఠంలో ఉన్నంత మాత్రాన అది తనదవుతుందా? గజాలీని ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు వెంటాడింది ఈ రెండో ప్రశ్నే.

మూడేళ్ళు గడిచాక ఆయన నిషాపూర్ వెళ్ళి, అక్కడి నిజామియా మదర్సాలో ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర చేరారు. నిజామియా అంటే సల్జూక్ సుల్తానుల మంత్రి నిజాముల్ ముల్క్ ఊరూరా కట్టించిన విద్యాలయాల పేరు. మన హైదరాబాదు జామియా నిజామియా వేరు. మన మదర్సాల పాఠ్యక్రమమైన దర్సె నిజామీ కూడా వేరు, అది 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరున వచ్చింది. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడేవారు తరచూ కనిపిస్తారు కాబట్టి చెప్పవలసి వచ్చింది.

జువైనీ ఆ కాలపు మహా పండితుడు. ఆయన దగ్గర గజాలీ ఫిఖ్‌హ్, ఉసూల్, కలామ్, తర్కం నేర్చుకున్నారు. చిన్న వయసులోనే అల్ మన్‌ఖూల్ అనే గ్రంథం రాసి గురువుకు చూపిస్తే, నన్ను బతికుండగానే పాతిపెట్టేశావు, నేను పోయేదాకానైనా ఆగలేకపోయావా అన్నారట ఆయన. మెచ్చుకోలో, చురకో, బహుశా రెండూనేమో. గురువు హిజ్రీ 478 (1085)లో మరణించారు. గజాలీ నిషాపూర్ విడిచి నేరుగా నిజాముల్ ముల్క్ శిబిరానికి వెళ్ళారు. అక్కడ మంత్రి సమక్షంలో పండితుల వాదోపవాదాలు జరిగేవి. గెలిచినవాడికి పేరూ, పదవీ దక్కేవి. గజాలీ గెలుస్తూనే పోయారు. 1091లో, దాదాపు 33 ఏళ్ళ వయసులో, బాగ్దాద్ నిజామియాలో ప్రధానాచార్య పీఠం ఆయనకు దక్కింది. ఆనాటి ముస్లిం ప్రపంచంలో ఒక ఆలిముకు అంతకన్నా పెద్ద పీఠం లేదు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన ముందు కూర్చునేవారు. ఖలీఫా దర్బారులో గౌరవం, మంత్రుల ఇళ్ళలో మర్యాద.

ఆ రోజుల్లో గజాలీ ఎలా ఉండేవారో అబ్దుల్ గాఫిర్ ఫారిసీ రాశారు. ఆయన నిషాపూర్ ఖతీబు, గజాలీని స్వయంగా ఎరిగిన సమకాలికుడు. తెలివి, మాటకారితనం దండిగా ఉండటం వల్ల గజాలీకి గర్వం ఉండేదనీ, ఇతరులను చులకనగా చూసేవారనీ, పదవి మీద మోజు ఉండేదనీ ఫారిసీ దాచకుండా చెప్పారు. మన పుణ్యపురుషుల జీవితాలు రాసేటప్పుడు ఇటువంటి మాటలు వదిలేసే అలవాటు మనకుంది. అలా వదిలేస్తే ఆ తర్వాత వచ్చిన మార్పు విలువ ఎలా తెలుస్తుంది?

ఇక లోపలి కథ. పసితనం నుంచే తనకొక దాహం ఉండేదని మున్‌ఖిజ్‌లో ఇమామ్ గారు రాశారు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగానే పెరుగుతున్నారు, యూదుల పిల్లలు యూదులుగానే పెరుగుతున్నారు, ముస్లిముల పిల్లలు ముస్లిములుగానే పెరుగుతున్నారు. ప్రతి బిడ్డా శుద్ధ ప్రకృతి మీదే పుడతాడనీ, తల్లిదండ్రులే అతణ్ణి ఒక మతంవాడిగా మలుస్తారనీ దైవప్రవక్త (స) చెప్పిన హదీసు ఆయనకు తెలుసు. అందరమూ ఆ హదీసు చదువుతాం, పక్కింటివాడికి అన్వయిస్తాం. గజాలీ దాన్ని తనకు అన్వయించుకున్నారు. తాను తూస్‌లో ఒక ముస్లిం ఇంట పుట్టాడు కాబట్టి ముస్లిం అయ్యాడా? అదే నిజమైతే తన నమ్మకానికీ ఆ యూదు పిల్లవాడి నమ్మకానికీ తేడా ఏమిటి? యౌవనంలో అడుగుపెడుతుండగానే తఖ్లీద్ బంధం, అంటే పెద్దల మాటను విచారించకుండా అనుసరించే బంధం, తన నుంచి తెగిపోయిందని ఆయన చెప్పుకున్నారు. అది పగిలిన గాజు వంటిదన్నారు. పగిలిన గాజును అతుకులు వేసి బాగుచేయలేం. కొలిమిలో కరిగించి కొత్తగా పోత పోయవలసిందే.

ఇక్కడొక మాట చెప్పాలి. తఖ్లీద్ అనగానే మనవాళ్ళలో హనఫీ, షాఫయీ చర్చ మొదలవుతుంది. గజాలీ మాట్లాడింది దాని గురించి కాదు. ఫిఖ్‌హ్‌లో ఆయన చివరి శ్వాస దాకా షాఫయీ మజ్‌హబ్‌లోనే ఉన్నారు. ఆచరణ విషయాల్లో సామాన్యుడు పండితుణ్ణి అనుసరించడాన్ని ఆయన తప్పు పట్టలేదు. ఆయన అడిగింది ఈమాన్ గురించి. నమ్మకం ఎరువు తెచ్చుకునే వస్తువు కాదన్నదే ఆయన బాధ.

అయితే ఏది నిజమో తేల్చుకోవడానికి కొలబద్ద ఏది? కంటికి కనిపించేదే నిజమనుకుందామని ఆయన మొదలుపెట్టారు. నీడను చూస్తే కదలనట్టు ఉంటుంది. గంట తర్వాత చూస్తే జరిగి ఉంటుంది. ఆకాశంలో నక్షత్రం దీనారు బిళ్ళంత కనిపిస్తుంది. లెక్క కట్టి చూస్తే అది భూమికన్నా పెద్దదని తేలుతుంది. అంటే కన్ను అబద్ధం చెప్పింది, బుద్ధి ఆ అబద్ధాన్ని పట్టుకుంది. సరే, పది మూడుకన్నా పెద్దది అని చెప్పే బుద్ధినే నమ్ముదామనుకున్నారు. కాని కన్ను చెప్పినదాన్ని బుద్ధి కొట్టేసినట్టు, బుద్ధి చెప్పినదాన్ని కొట్టేసే మరో న్యాయమూర్తి ఉన్నాడేమో? కలలో ఉన్నంతసేపూ కల నిజమే కదా, మెలకువ వచ్చాకే కదా అది కల అని తెలిసేది. ఈ మెలకువ కూడా మరొక మెలకువ ముందు కలేనేమో? ఈ ఆలోచన దగ్గర ఆయన చిక్కుకుపోయారు. దాదాపు రెండు నెలలు ఏదీ నమ్మలేని స్థితి. నోటితో ఎవరికీ చెప్పలేదు, లోపల మాత్రం అదే. చివరికి అందులోంచి తాను బయటపడింది ఏ వాదన బలంతోనూ కాదనీ, అల్లాహ్ తన గుండెలో వేసిన ఒక వెలుగుతో అనీ ఆయన రాశారు. ఫ్రాన్స్ తత్వవేత్త దెకార్త్ ఇదే రకమైన సందేహాన్ని, కల ఉదాహరణతో సహా, పుస్తకంలో పెట్టింది 1641లో. అంటే గజాలీ తర్వాత ఐదు వందల ఏళ్ళకు.

సందేహం తీరినా వెతుకులాట ఆగలేదు. ఆ కాలంలో సత్యం మా దగ్గరుందనేవారు నాలుగు వర్గాలు. కలామ్ పండితులు, ప్రతి యుగంలోనూ ఒక నిర్దోషి ఇమామ్ ఉంటాడు, ఆయన్ను అనుసరించడమే దారి అనే బాతినీలు, గ్రీకుల బాటలో నడిచే తత్వవేత్తలు, సూఫీలు. తానున్న వర్గం కాబట్టి కలామ్‌ను వదిలిపెట్టలేదు, శత్రువులు కాబట్టి తత్వవేత్తలను చదవకుండా తిట్టలేదు. ఆయన నియమం ఒకటే. ఒక విద్యలో ఆరితేరినవాడితో సమానంగా నేర్చుకుని, ఆపైన అతణ్ణి మించిపోతే తప్ప, అందులో తప్పు ఎక్కడుందో చెప్పే హక్కు రాదు. తెలుసుకోకుండా ఖండించడం చీకట్లో బాణం వేయడం వంటిదని ఆయన అభిప్రాయం.

మాట చెప్పి ఊరుకోలేదు. మూడు వందల మందికి పాఠాలు చెబుతూ, మిగిలిన సమయంలో, గురువు సాయం లేకుండా, రెండేళ్ళకు లోపే ఫారాబీ, ఇబ్నె సీనాల తత్వశాస్త్రాన్ని ఔపోసన పట్టారు. మరో ఏడాది దాన్నే నెమరు వేశారు. మొదట మఖాసిదుల్ ఫలాసిఫా అనే పుస్తకంలో తత్వవేత్తలు ఏమంటున్నారో పక్షపాతం లేకుండా వివరించారు. తర్వాత ఆ పుస్తకం లాటిన్‌లోకి వెళితే, అక్కడి పండితులు ఇతనూ ఇబ్నె సీనా బాటలోని ఒక తత్వవేత్తే కాబోలు అనుకున్నారు. ఎదుటివాడి వాదాన్ని అంత నిజాయితీగా రాశారన్నమాట. 1095 ఆరంభంలో తహాఫుతుల్ ఫలాసిఫా పూర్తి చేసి, ఇరవై అంశాల్లో వారి వాదాలు ఎక్కడ కూలిపోతాయో చూపించారు. ప్రపంచం అనాది అనడం, అల్లాహ్‌కు చిన్న చిన్న వివరాలు విడివిడిగా తెలియవనడం, పునరుత్థానం శరీరాలకు ఉండదనడం ఈ మూడింటిని కుఫ్ర్‌గా లెక్కించారు. మిగిలిన పదిహేడింటిని బిద్అత్ అన్నారు.

గజాలీ తత్వాన్ని కొట్టేసి ముస్లిముల్లో సైన్సును చంపేశారని ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ఆయన పుస్తకాలు తెరవకుండా చేసే నింద ఇది. అదే తహాఫుత్ ముందుమాటలో ఆయన గ్రహణాల సంగతి ఎత్తారు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి అడ్డురావడం వల్ల చంద్రగ్రహణం పడుతుందన్నది గణితంతో రుజువైన విషయం. దీన్ని కాదనడమే ధర్మరక్షణ అనుకునేవాడు ధర్మానికి మేలు కాదు, కీడు చేస్తున్నాడని ఆయన గట్టిగా హెచ్చరించారు. లెక్క తెలిసినవాడు ఆ మాట విని గ్రహణాన్ని అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు. దీనికి ఎదురు తప్పును కూడా ఆయన చూపించారు. లెక్కల్లో తత్వవేత్తలు ఇంత ఖచ్చితంగా ఉన్నారు కాబట్టి పరలోకం గురించి వాళ్ళు చెప్పిందీ అంతే ఖచ్చితం అనుకోవడం. రెండూ తఖ్లీదే. ఒకటి మౌల్వీని చూసి, మరొకటి విద్వాంసుణ్ణి చూసి.

మున్‌ఖిజ్‌లో ఆయన చెప్పిన ఒక ఉదాహరణ నాకెప్పుడూ గుర్తొస్తుంది. హిజామా చేసేవాడు నెత్తురు తీయడానికి ఒక గాజు గిన్నె వాడతాడు. ఆ గిన్నెలో తేనె పోస్తే జనం అసహ్యించుకుంటారు. గిన్నె మారినంత మాత్రాన తేనె తేనె కాకుండా పోదు. నచ్చనివాడి నోట వచ్చిందని మంచి మాటను పారేయడం, గౌరవించేవాడి నోట వచ్చిందని చెడ్డ మాటను మింగడం ఇదే రకం తెలివితక్కువతనం అన్నారాయన. మనుషులను బట్టి సత్యాన్ని కాదు, ముందు సత్యాన్ని తెలుసుకుని దాన్ని బట్టి మనుషులను గుర్తించాలి అనే హజ్రత్ అలీ (రజి) బోధను ఆయన పదే పదే గుర్తుచేసేవారు.

చివరగా సూఫీల పుస్తకాలు పట్టారు. జునైద్, షిబ్లీ, ముహాసిబీ, అబూ తాలిబ్ మక్కీ అందరినీ చదివారు. ఇక్కడ ఆయనకు గట్టి దెబ్బ తగిలింది. మిగిలిన మూడు విద్యలూ చదివితే వచ్చేశాయి. ఈ నాలుగోది చదివితే రావడం లేదు. ఆరోగ్యం అంటే ఏమిటో నిర్వచనం చెప్పగలగడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. రోగంతో పడి ఉన్న వైద్యుడికి ఆరోగ్యం నిర్వచనం తెలుసు, ఆరోగ్యం మాత్రం లేదు. ప్రాపంచిక వ్యామోహం వదలడం గురించి గజాలీకి అంతా తెలుసు, వ్యామోహం మాత్రం పోలేదు. తాను బోధిస్తున్నది ఎందుకు బోధిస్తున్నాడో చూసుకుంటే, అల్లాహ్ కోసం కాదు, పేరు కోసం అని తేలింది. జారిపోయే గట్టు అంచున నిలబడ్డానని ఆయనకు అర్థమైంది.

తండ్రి నుంచి వచ్చిన నమ్మకాన్ని ప్రశ్నించడం కష్టమే. కాని అది ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు. పీఠం వదలడం అలా కాదు. హిజ్రీ 488 రజబ్ నుంచి (1095 జూలై) దాదాపు ఆరు నెలలు ఆయన ఊగిసలాడారు. పొద్దున బాగ్దాద్ వదలాలని నిశ్చయించుకుంటే సాయంత్రానికి ఆ నిశ్చయం కరిగిపోయేది. ఒక అడుగు ముందుకు, మరో అడుగు వెనక్కు. ఇప్పుడు వదిలితే ఈ హోదా మళ్ళీ దొరకదు అని మనసు గుంజేది. చివరికి నాలుక మొండికేసింది. విద్యార్థుల ముందు కూర్చుంటే మాట బయటికి రాలేదు. దిగులుతో ఆకలి చచ్చిపోయింది, గుక్కెడు నీళ్ళు దిగవు, ముద్ద అరగదు. వైద్యులు వచ్చి చూసి, ఇది మనసులో పుట్టిన జబ్బు, మనసు కుదుటపడితే తప్ప మందు పనిచేయదని చేతులెత్తేశారు. అప్పుడు, వేరే దిక్కులేని స్థితిలో, అల్లాహ్‌ను వేడుకున్నారు. పదవినీ, సంపదనూ, కుటుంబాన్నీ విడిచిపెట్టడం ఆ తర్వాతే సులువైందని ఆయన రాశారు.

జిల్‌ఖాదా (నవంబరు) నెలలో, మక్కాకు వెళుతున్నానని అందరికీ చెప్పి, సిరియా దారి పట్టారు. నిజం చెబితే ఖలీఫా, మిత్రులు పోనివ్వరని భయం. పిల్లల పోషణకు అవసరమైనంత ఉంచి మిగిలినదంతా పంచిపెట్టారు. నిజామియాలో పాఠాలు చెప్పే బాధ్యత తమ్ముడు అహ్మద్‌కు అప్పగించారు. బాగ్దాద్ జనానికి ఇది మింగుడుపడలేదు. ధర్మబోధకు ఇంతకన్నా పెద్ద స్థానం ఏముంటుంది, దాన్ని దైవం కోసం వదిలేవాడు ఉంటాడా అని వారి ప్రశ్న. ప్రభువులతో ఏదో చెడి ఉంటుందని దూరపువాళ్ళు అనుకున్నారు. ప్రభువులు బతిమాలుతుంటే ఆయన వినడం లేదని దగ్గరివాళ్ళకు తెలుసు, అందుకని వాళ్ళు దిష్టి తగిలిందన్నారు. నేటి పరిశోధకుల్లో కొందరు, 1092లో నిజాముల్ ముల్క్ బాతినీల కత్తికి బలయ్యాక గజాలీకి కూడా ప్రాణభయం పట్టుకుందంటారు. ఆ భయమే అసలు కారణమైతే, అదే బాతినీలను ఖండిస్తూ ఆ తర్వాత ఆయన పుస్తకం రాసేవారా?

దమస్కస్‌లో దాదాపు రెండేళ్ళు గడిచాయి. ఉమయ్యద్ జామె మసీదు మినారు ఎక్కి తలుపు వేసుకుని, రోజంతా ఏకాంతంలో గడిపేవారు. తర్వాత జెరూసలేము వెళ్ళి ఖుబ్బతుస్సఖ్రాలో అలాగే తలుపు మూసుకునేవారు. అల్ ఖలీల్ పట్టణంలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) సమాధి దగ్గర నిలబడి మూడు ప్రతిజ్ఞలు చేశారు. ఏ పాలకుడి దర్బారుకూ వెళ్ళను. ఏ పాలకుడి సొమ్మూ తీసుకోను. ఎవరితోనూ పోటీ వాదనకు దిగను. ఆయన్ను పైకి తెచ్చిన మెట్లు సరిగ్గా ఈ మూడే. తండ్రి మొక్కిన విగ్రహాలను కాదని బయటికి నడిచిన ప్రవక్త సమాధి దగ్గర ఈ ప్రతిజ్ఞ చేయడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. ఆ తర్వాత హజ్ చేశారు. పిల్లల పిలుపులు లాగితే బాగ్దాద్ మీదుగా తూస్‌కు చేరారు. బిడ్డల మీద మమకారం తనను వెనక్కి రప్పించిందని చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

ఈ ఏకాంతంలోనే ఇహ్యా ఉలూమిద్దీన్ పుట్టింది. నాలుగు భాగాలు, నలభై ప్రకరణాలు. నమాజు, జకాత్ మొదలుకొని భోజన మర్యాదలు, వ్యాపారం, పెళ్ళి, కోపం, అసూయ, గర్వం, మరణ స్మరణ దాకా అందులో లేనిది లేదు. నమాజు చెల్లుబాటు కావడానికి ఫిఖ్‌హ్ పండితుడు చెప్పే షరతులన్నీ చెప్పి, ఆ నమాజులో మనసు ఎక్కడుందని ఆయన అడుగుతారు. అందులో బలహీనమైన హదీసులు చాలా ఉన్నాయన్న విమర్శ నిజమే. హాఫిజ్ ఇరాఖీ తర్వాతి కాలంలో వాటన్నిటినీ పరిశీలించి ఏది ఏపాటిదో తేల్చారు. ఇహ్యా చదివేవారు ఆ టిప్పణులున్న ప్రతి చదవడం మంచిది.

పదకొండేళ్ళ తర్వాత, హిజ్రీ 499 (1106)లో, నిజాముల్ ముల్క్ కుమారుడైన మంత్రి ఫఖ్రుల్ ముల్క్ పట్టుబట్టి ఆయన్ను నిషాపూర్ నిజామియాకు రప్పించారు. మళ్ళీ అదే బోధన పీఠం. చూసినవారికి వెనక్కి వచ్చినట్టే కనిపించింది. ఇమామ్ గారు మాత్రం ఇది వెనక్కి రావడం కాదన్నారు. అప్పట్లో హోదా సంపాదించిపెట్టే విద్య నేర్పాను, ఇప్పుడు హోదాను వదిలించే విద్య నేర్పుతున్నాను అని ఆయన వివరణ. అబ్దుల్ గాఫిర్ ఫారిసీకి మొదట నమ్మకం కుదరలేదు. ఈ వినయమంతా పైపై వేషమని అనుమానించి, చాలాసార్లు ఇంటికి వెళ్ళి దగ్గర నుంచి పరిశీలించారు. మనిషి నిజంగానే మారిపోయాడని చివరికి ఒప్పుకుని రాశారు.

నిషాపూర్‌లో ఎక్కువ కాలం ఉండలేదు. తూస్ చేరి, ఇంటి పక్కనే ఒక మదర్సా, ఒక ఖాన్‌ఖా ఏర్పాటు చేసుకున్నారు. ఖురాసాన్ పాలకుడు సంజర్ పిలిపిస్తే, ఇబ్రాహీమ్ (అ) సమాధి దగ్గర చేసిన ప్రతిజ్ఞను గుర్తుచేస్తూ, తనను మన్నించమని పారసీలో ఉత్తరం రాశారు. 1110లో బాగ్దాద్ నిజామియా పీఠం మళ్ళీ ఖాళీ అయింది. జువైనీ దగ్గర తనతో కలిసి చదువుకున్న అల్‌కియా హర్రాసీ అప్పటిదాకా ఆ స్థానంలో ఉండి మరణించారు. రమ్మని మంత్రి నుంచి పిలుపు వచ్చింది. పదిహేనేళ్ళ క్రితం దేన్ని వదలలేక నాలుక పడిపోయిందో, అదే పీఠం. ఈసారి ఆరు నెలలు పట్టలేదు. ఇక్కడ నూట యాభై మంది విద్యార్థులున్నారు, వారు అంత దూరం రాలేరు, బాగ్దాద్ వస్తే వాదనలకు దిగకుండా ఉండటం కుదరదు, ప్రభుత్వ సొమ్ము నేను ముట్టను అని జవాబు పంపి, తన పనిలో పడ్డారు.

ఆ పని ఏమిటంటే, హదీసు చదువుకోవడం. హదీసు విద్యలో తన పెట్టుబడి తక్కువని ఆయనే ఒప్పుకునేవారు. యాభై దాటిన హుజ్జతుల్ ఇస్లాం విద్యార్థిలా కూర్చుని సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం చదవడం మొదలుపెట్టారు. అదే కాలంలో, హిజ్రీ 503 (1109)లో, పడమటి కొసన స్పెయిన్‌లోని కార్డోవాలో ముఫ్తీల ఫత్వాతో, మురాబితీ పాలకుల ఆజ్ఞతో ఇహ్యా ప్రతులను పోగుచేసి తగలబెట్టారు. తమ ఫిఖ్‌హ్ పండితుల గురించి అందులో ఉన్న మాటలు వారికి రుచించలేదు.

హిజ్రీ 505 జమాదిస్సానీ 14, సోమవారం, అంటే 1111 డిసెంబరు 18న, తెల్లవారుజామున ఇమామ్ గారు వుజూ చేసి ఫజ్ర్ నమాజు చేశారు. తర్వాత తన కఫన్ తెమ్మన్నారు. దాన్ని ముద్దుపెట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ప్రభువు ఆజ్ఞ శిరసావహిస్తున్నానని చెప్పి, ఖిబ్లా వైపు తిరిగి కాళ్ళు చాపుకుని పడుకున్నారు. వెలుగు పూర్తిగా రాకముందే ప్రాణం పోయింది. ఈ సంగతి చెప్పింది తమ్ముడు అహ్మద్. ఒకప్పుడు తిండి కోసం అన్న చేయి పట్టుకుని మదర్సా గడప తొక్కిన రెండో పిల్లవాడు.